అమావాస్య నాడు ఆగిన పెట్టె

కిందటి వారం వసంతను మనం ఎమ్మిగనూరు నేతవీధిలో, ఆమె ఇంటి ముందుగదిలో, ఒక నల్ల పెట్టె ఎదురుగా చాప మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ పెట్టె ఆమె మొగుడు దేవరాజుది. పెండ్లిళ్లకూ జాతరలకూ వీడియోలు తీసి బతికిన మనిషి. ఆదోని నుంచి వస్తూ దారిలో కల్వర్టును గుద్దుకుని పోయాడు. ఒంటరిగా బండి నడుపుకుంటూ వస్తున్నాడని పోలీసులు రాసుకున్నారు. మనిషీ బండీ దొరికాయి గానీ, జేబులో ఉండాల్సిన ఫోన్ దొరకలేదు. పోయి ఎనిమిది నెలలు.

చదువుకున్నవాళ్లు ఆ పెట్టెను సర్వర్ అంటారు. వీధివాళ్లకు అది దేవరాజు పెట్టె. ఆయన తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. దాని వైఫై అందినంత మేరా ఎవరింటి టీవీలోనైనా అవి ఆడతాయి. ఇప్పుడా పెట్టె నిండిపోయింది. దేవరాజు పోయినాక ఎవరూ ఒక్క వీడియో ఎక్కించకపోయినా, నెల నెలా ఎట్లా నిండుతోందో వసంతకు అంతుపట్టలేదు. అది చాలదన్నట్టు లోపలున్న మూడు డిస్కుల్లో ఒకటి ఎర్రలైటు వేసుకుని కూర్చుంది. ఆదోని కాలేజీలో కంప్యూటర్లు చెప్పే అనంత్ వచ్చి, చెడిపోయినదాన్ని లాగేసి పెద్ద కొత్త డిస్కు బిగించాడు.

"మిగతా రెండూ కలిసి, పోయినదాంట్లో ఏముండేదో దీంట్లో మళ్లీ రాసుకుంటాయి. అయ్యేదాకా మాత్రం పెట్టె ఆగకూడదక్కా. ఆ రెండూ కూడా పాతవే. నెమ్మదిగా వాటినీ మారిస్తే అప్పుడు జాగా పెరుగుతుంది," అని చెప్పి బస్సెక్కాడు.

వసంత బుద్ధిగా తలూపింది. కరెంటు పోతే ఎట్లా అని బ్యాటరీ చూసుకుంది. పిల్లులు తీగలు లాగుతాయని కిటికీ వేసింది. ఒక్కటే మరిచింది. ఇంట్లో అత్త రుద్రమ్మకు చెప్పలేదు.

మరునాడు అమావాస్య.

నేతవీధిలో అమావాస్య నాడు మగ్గం తాకరు. తక్కిన రోజుల్లో పొద్దున లేస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గం పలకల చప్పుడే. ఆ ఒక్క రోజు మాత్రం వీధి నోరు మూసుకుంటుంది. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఏం చేయాలో తోచక తువ్వాళ్లు దులుపుకుంటుంటారు. వసంత బెల్లం, కందిపప్పు తీసుకుని అంగడి నుంచి వస్తూ ఆ నిశ్శబ్దాన్ని పట్టించుకోలేదు. మధ్యాహ్నం తమ్ముడు సాయినాథ్ భోజనానికి వస్తాడు, బెల్లం పూర్ణంతో ఓళిగలు చేయాలి, ఆమె ధ్యాస అంతా అక్కడుంది.

గడప దాటాక తెలిసింది. ఇంట్లోపల కూడా నిశ్శబ్దంగానే ఉంది. పెట్టెలో ఫ్యాను తిరిగే సన్నని గురగుర లేదు.

పెట్టె నెత్తిన పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్టు, పైన ఒక కనకాంబరం. ముందు ఊదుబత్తి పొగ. లైటు ఒక్కటీ వెలగడం లేదు. పక్కనే తలంటుకున్న తడిజుట్టు ముడేసుకుంటూ రుద్రమ్మ ప్రశాంతంగా కూర్చుని ఉంది.

వసంత చేతిలోని బెల్లం పొట్లం కిందపడింది.

"అత్తా, దీన్ని ఎవరాపినారు?"

"నేనే. అమాస గదమ్మా. మగ్గానికి సెలవిచ్చి, దీంతో మాత్రం గొడ్డుసాకిరీ సేయిస్తే యట్ల? రాజు ఉన్నప్పుడు గూడా అమాసకు ఆపుతాండె. ఆ గుండీ యాడుందో వాడే నాకు సూపిచ్చినాడు."

"నిన్న అనంత్ సార్ ఏం సెప్పిపోయినాడో తెలుసునా నీకు? ఆపితే అంతా పోతుందని సెప్పినాడు!"

"నాకెవరు సెప్పినారు?" అంది రుద్రమ్మ. ఆ మాటలో కోపం లేదు, నిజమే ఉంది. వసంత ఫోన్ తీసి అనంత్‌కు చేసింది.  "ఏమీ నొక్కొద్దక్కా. నేనొచ్చేదాకా ఆ గుండీ జోలికి పోవద్దు," అన్నాడు.

ఆదోని బస్సు రావాలంటే టైము పడుతుంది. అంతసేపూ వసంత ఆ పెట్టె ముందే కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆమెకు భయమేసింది. దెయ్యాలంటే భయం లేని మనిషే. కానీ ఆ పెట్టెలో ఎవరెవరున్నారో ఆమెకు తెలుసు. వీధిలో ఎవరైనా పోతే, దినం లోపల పటం కట్టించడానికి ఫోటో కావాలి కదా. ముసలివాళ్లు ఎన్నడు ఫోటో దిగారని! అప్పుడు దేవరాజు దగ్గరికి వచ్చేవాళ్లు. ఏదో పెండ్లి వీడియోలో, ఒక మూల పంక్తిలో కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్న ఆ మనిషిని ఆయన వెతికి పట్టుకుని, ముఖం వరకు కత్తిరించి ఇచ్చేవాడు. అందుకే ఈ వీధిలోని పటాల్లో చాలామంది పక్కకు చూస్తుంటారు, కొందరి బుగ్గల్లో ముద్ద ఉంటుంది. ఎదురింటి శేషప్ప భార్య అయితే ఎవరి నిశ్చితార్థంలోనో సాంబారు బకెట్టు పట్టుకుని నడుస్తుంది. ఆ ముక్క పెట్టుకుని చూడందే శేషప్పకు మధ్యాహ్నం అన్నం దిగదు.

ఇంతమంది ఉన్న పెట్టెలో దేవరాజు బొమ్మ మాత్రం లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు. ఆయన గొంతు ఉంది. ప్రతి వీడియో మొదట్లో, "ఈపక్క సూడండప్పా, నవ్వండి, పోయేదేముంది," అంటాడు. వసంతకు మిగిలింది ఆ మాట. రాత్రి వంటపని అయ్యాక, ఎవరిదో పెండ్లి పెట్టుకుని, ఆ ఒక్క మాట విని, ఆపేసి పడుకుంటుంది. పరాయివాళ్ల పెండ్లిళ్లతో ఆమెకేం పని?

సాయినాథ్‌కు ఇది గిట్టదు. ఆదోని జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. బావ పోయినప్పటి నుంచి అక్క ఇంటికి బియ్యం దగ్గర నుంచి గ్యాసు బండ దాకా అన్నీ తానే చూసుకుంటున్నాడు. అమ్మా నాయనా లేని ఆ ఇద్దరికీ ఒకరికొకరే దిక్కు. వచ్చిన ప్రతిసారీ, "అక్కా, ఆ పాతదంతా తుడిచేయ్. దాన్ని పట్టుకోని నువ్వు ఎండిపోతాండావు," అంటాడు. తన మీద ప్రేమతోనే అంటున్నాడని వసంత ఎన్నడూ తప్పుపట్టలేదు.

అనంత్ వచ్చీ రాగానే చెప్పులు విడిచి, చేతిసంచి పక్కన పెట్టి, పెట్టె మీది కనకాంబరం జాగ్రత్తగా తీసి రుద్రమ్మ చేతికిచ్చాడు. దేవరాజుకు స్నేహితుడు. అనంత్ తండ్రి సేతుమాధవరావు షష్టిపూర్తి వీడియో కూడా ఇందులోనే ఉంది. ఊపిరి బిగబట్టి గుండీ నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. కొత్త డిస్కు లైటు వెలిగింది. పాతవాటిలో ఒకటి వెలిగింది. రెండోది వెలగలేదు. లోపల టిక్కు, టిక్కు, టిక్కు అని, ఎవరో గోటితో తలుపు తడుతున్నట్టు చప్పుడు. అదీ ఆగిపోయింది.

"ఇట్లాంటివి ఏండ్ల తరబడి తిరుగుతూనే ఉంటే తిరుగుతాయక్కా. ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ లేవవు," అన్నాడు అనంత్ మెల్లగా.

"అంటే?"

"ఇది లేవకపోతే మిగతా రెండూ ఉండీ లేనట్టే."

రుద్రమ్మ మూలన గోడకు ఆనుకుని ఉంది.  వసంత ఆమె వైపు చూడలేదు. చూస్తే అనరాని మాట ఏదో నోటి నుంచి వస్తుందని ఆమెకు భయం.

అనంత్ అంతా ఆపి, ఆ డిస్కు లాగి, అరచేతుల మధ్య కాసేపు ఉంచుకుని, మణికట్టు మెల్లగా తిప్పి మళ్లీ బిగించాడు. గుండీ నొక్కాడు. టిక్కు అంది. మళ్లీ టిక్కు. ఆ తరువాత సన్నగా, అయిష్టంగా, గురగుర మొదలైంది. పచ్చలైటు వచ్చింది. వసంతకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చాప మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సంతోషపడే టైము కాదక్కా. ఇది ఎప్పుడైనా పోతుంది. కొత్తదాని పని తరువాత. ముందు ఉన్నది బయటికి తీద్దాం." సంచిలోంచి తువ్వాలులో చుట్టిన వేరే డిస్కు తీసి తగిలించాడు. "ఇది నాతో ఆదోనికి వస్తుంది. పెట్టెలో ఎన్ని డిస్కులు పెట్టినా, ఇల్లు ఒక్కటే కదా. పిడుగు పడినా దొంగ పడినా అన్నీ ఒక్కసారే పోతాయి. ఇంకో ఊర్లో ఒకటి ఉండాల. ఏది ముందు తీయమంటావు?"

"ఆయన గొంతు ఉన్నవి."

"అన్నిట్లోనూ ఉంది కదక్కా," అంటూ అనంత్ ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి ఎంతెంత జాగా తిన్నాయో చూస్తున్నాడు. పెండ్లిళ్లు. ఉరుకుంద ఈరన్న జాతర. నామకరణాలు. ఒకచోట ఆగాడు. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూశాడు.

"అక్కా, దేవరాజన్న ఫోన్ దొరికిందా?"

"లేదు సార్. పోలీసోళ్లు గూడా యెతికినారు."

"ఆయన ఫోన్లో ఏం తీసినా దానంతట అదే ఈ పెట్టెలోకి ఎక్కేటట్టు పెట్టుకున్నాడు. ఎక్కినాక ఫోన్లోది చెరిగిపోతుంది. ఆ ఫోల్డరే ఇది. నీ పెట్టెను నింపుతున్నది ఇదే." అనంత్ గొంతు తగ్గించాడు. "చివరి వీడియో నిన్న మధ్యాహ్నం ఎక్కింది."

 ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది, వీధిలో శేషప్ప ఎవరినో బీడీ అడుగుతున్నాడు. అయినా వసంతకు గది చల్లబడినట్టనిపించింది.

"ఎవరో ఎత్తుకుపోయి వాడుకుంటాండారేమో సార్."

"ఎత్తుకుపోయినవాడు ఊర్లో యాడ తీసినా ఎక్కదక్కా. ఈ ఇంటి వైఫై తగిలితేనే ఎక్కుతుంది. అన్న అట్లే పెట్టినాడు."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది. ఆ ఫోన్ ఎక్కడో కాదు, ఈ ఇంటి చుట్టుపక్కలే ఉంది.

అనంత్ నిన్నటి వీడియో టీవీలో పెట్టాడు. బొమ్మ లేదు, నలుపు. మధ్యమధ్య నలుపు కొంచెం ఎర్రబడుతోంది, అరచేయి అడ్డం పెట్టినట్టు. ఎవరో ఆయాసపడుతున్న ఊపిరి. దూరంగా పక్కింటి మగ్గం చప్పుడు. చాలాసేపటికి గొంతు వచ్చింది.

"రాజూ. తిన్నావా నాయినా? ఈపొద్దు సింతాకు పప్పు సేసినాం. నీ పెండ్లాం అన్నం సరిగా తినలేదు. దిగులు పెట్టుకోవాకు, నేను సూసుకుంటాండా."

వసంత తిరిగి చూసింది. మూలనున్న రుద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు మూసుకుని, తన గొంతు తానే వింటోంది.

ఎవరూ అడగకుండానే లేచి వెళ్లింది రుద్రమ్మ. వెనకగదిలో మగ్గం గుంతలోకి చేయి దించి, పాత నూలు కండెల కింద నుంచి ఫోన్ తీసి తెచ్చి కోడలి ముందు పెట్టింది. అద్దం ఒక మూల పగిలి ఉంది. వెనక అతికించిన ఈరన్నస్వామి బొమ్మ సగం చెరిగింది. వసంత దాన్ని ముట్టుకోలేకపోయింది.

"వాడే సెప్పినాడమ్మా ఒకసారి. అమ్మా, ఈ ఎర్ర గుండీ వత్తి నువ్వేం మాట్లాడినా అది పొయ్యి పెట్టెలో సేరుతాదని. ఊర్లో పోయినోళ్లందరూ ఆ పెట్టెలోనే గదా తిరుగుతాండారు. నా కొడుకు గూడా ఆడనే ఉంటాడనుకుంటి. రోజూ నువ్వు అంగడికి పోయినప్పుడు నాలుగు మాటలు సెప్తాండా. ఆపేది ఎట్లనో నాకు తెలీదు. అది దానికదే ఆగేదాకా ఒళ్లో పెట్టుకోని కూసుంటా."

ఆపడం తెలియని ఆ తల్లి మాటలే పెట్టెను అంచుదాకా నింపాయి. వసంతకు అంతసేపూ ఉన్న కోపం ఏడుపుగా మారింది. అత్త చేయి పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తూనే అడిగింది, "ఇది నీకు యాడ దొరికింది అత్తా?"

రుద్రమ్మ చేయి లాక్కుంది.

"సెప్పు అత్తా."

"సాయి ఇచ్చినాడు. దినాలు అయిపోయిన పొద్దు."

సాయినాథ్! బావ పోయిన రోజు తాను గూడూరులో పత్తి లోడు దగ్గర ఉన్నాననీ, కబురు అందాక పరుగెత్తుకొచ్చాననీ ఎన్నోసార్లు చెప్పాడు. మరి ఫోన్ వాడికెట్లా వచ్చింది? వసంత అనంత్ వైపు తిరిగింది. "సార్, ఆ ఫోల్డర్లో మా అత్తవి కాకుండా ఇంకేమన్నా ఉన్నాయా? ఆయన పోయిన పొద్దుటిది?"

అనంత్ ఆ ఫోల్డర్‌ను పైదాకా జరిపి చూశాడు. "ఒకటుంది. తీసింది ఆరోజే. పెట్టెలోకి ఎక్కింది మాత్రం ఆ తరువాత, ఫోన్ ఈ ఇంటికి వచ్చినాక."

"వద్దు!" రుద్రమ్మ అరిచింది. ముసలి ప్రాణంలో అంత గొంతు ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. "దాన్ని ఇప్పొద్దు సామీ, నీ కాళ్లు పట్టుకుంటా. వసంతా, నా మాట ఇను. నా కొడుకు ఎట్లాగూ రాడు. పుట్టింటి తరపున నీకు మిగిలింది ఆ పిల్లోడొక్కడే. బావ ఫోన్ పారేసేకి సేతులు రాక నాకిచ్చి, వాడు నా కాళ్ల మీద పడి ఏడ్సినాడు. నేను కడుపులో దాసుకున్న్యా. నువ్వు గూడా అడగొద్దు."

వసంత అత్త ముఖంలోకి చూసింది. పొద్దున పెట్టె ఆపింది అమావాస్యకేనా, లేక ఇది ఏనాటికీ తెరుచుకోకూడదనా? అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. ఏ జవాబు వచ్చినా తట్టుకునే శక్తి అప్పుడామెకు లేదు.

"పెట్టండి సార్," అంది.

టీవీ నిండా ఎండ పరుచుకుంది. ఆదోని దారి. రెండు పక్కలా పత్తిచేలు వెనక్కి పరుగెడుతున్నాయి. పెండ్లి వీడియో మొదట్లో ఇట్లా ఊరిదారి చూపించడం దేవరాజుకు అలవాటు. వెంటనే ఆ గొంతు, ఎప్పుడూ ఉండే నవ్వుతో, "మెల్లగా పోరా, వీడియోలో పత్తి బాగా పడతాంది." వసంత కళ్లు మూసుకుంది. ఆ గొంతు కొత్తగా, ఇంతవరకు తాను వినని మాటతో వినిపించి ఎంతకాలమైంది! ఒక్క గుక్కెడు సంతోషం. కళ్లు తెరిచేసరికి అది పోయింది.

ఎందుకంటే బొమ్మలో ఒక పక్కగా ఒక భుజం ఉంది. చారల చొక్కా. దేవరాజు వెనక కూర్చుని తీస్తున్నాడు. బండి నడుపుతున్నది ఇంకొకరు.

"ఏం కాదులే బావా," అన్నాడు ఆ ఇంకొకడు, ముఖం తిప్పకుండానే.

"అక్కా, ఇంట్లో ఉండావా?" అదే గొంతు, ఈసారి గుమ్మంలోంచి.

సాయినాథ్ చేతిలో పూల పొట్లం ఉంది. ఒక చెప్పు విప్పాడు, రెండోది విప్పలేదు. టీవీ వైపు చూస్తూ గడప మీదే నిలబడిపోయాడు. వసంత రిమోట్ నొక్కింది. పత్తిచేలు ఉన్నచోటే ఆగాయి. గదిలో పెట్టె గురగుర తప్ప ఏమీ లేదు. అందులోనూ మధ్యమధ్య టిక్కు, టిక్కు అని మళ్లీ ఆ చప్పుడు మొదలైంది.

"అక్కా, డిస్కు తడబడుతోంది," అనంత్ కంగారుగా అన్నాడు. "ఇంకెంతసేపు ఉంటుందో చెప్పలేను. ఈ వీడియో కాపీ చెయ్యాల్నా, వదిలెయ్యాల్నా? ఇప్పుడే చెప్పు."

రుద్రమ్మ రెండు చేతులూ జోడించింది. కోడలికో, కోడలి తమ్ముడికో, ఆ పెట్టెకో తెలియదు.

వసంత తమ్ముణ్ణి చూసింది. ఎనిమిది నెలలుగా తన ఇంటికి బియ్యం మోసిన భుజం. అదే చారల చొక్కా కాదు గానీ, అదే భుజం. కాపీ అయితే వీడికి జైలు. కాకపోతే ఆయన ఆఖరి గొంతు ఇక ఎక్కడా ఉండదు.  మాట స్పష్టంగానే వచ్చింది.

"చెయ్యండి సార్. ముందు దాన్నే."

అనంత్ నొక్కాడు. సాయినాథ్ అడ్డం రాలేదు. పారిపోలేదు. ఆ ఒంటి చెప్పుతోనే లోపలికి వచ్చి, అక్క ముందు నేల మీద కూర్చున్నాడు. పూల పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"చేసుకోక్కా. నేనేమీ అనను. స్టేషన్‌కు రమ్మన్నా వస్తా," అన్నాడు. "బండి పడినాంక గూడా ఆ ఫోన్ ఆగలేదు. బావకు చానాసేపు తెలివుండె. నాతో ఒక మాట సెప్పినాడు. దాన్ని తుడిచేయమని ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నది నా భయానికి కాదక్కా. ఆ మాట మాత్రం నువ్వు ఇనొద్దు."

వసంత చేతిలో రిమోట్ ఉంది. బొటనవేలు ఆగిన వీడియోను మళ్లీ నడిపే గుండీ మీదకి జరిగింది.